బాపమ్మ పంచిన కరివేపాకు

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు వాళ్ల అమ్మాయి మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. హార్టికల్చర్‌లో సీటు వచ్చిందట. నేను ఆ శాఖలోనే పనిచేసి రిటైరయ్యానని వాళ్లమ్మ చెప్పి పంపింది. "ఆంటీ, అందరు ఇంజినీరింగ్ ఎందుకు తీసుకోలే అని పరేషాన్ చేస్తున్నరు. ఇది మంచిగనే ఉంటది కదా? పూలు, పండ్లు, నర్సరీలు. భయపడేదేం ఉండదు కదా?" అని అడిగింది. "ఏం ఉండదమ్మా, హాయిగా చదువుకో" అన్నాను. ఆ పిల్ల నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తలుపు వేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. అబద్ధం చెప్పాను ఆ పిల్లకు. ఆ చదువు నాకు మొదట నేర్పింది భయాన్నే. అది కాలేజీలో కాదు, ఇప్పుడు ఈ అపార్ట్‌మెంట్ నిలబడి ఉన్న ఈ స్థలంలోనే, ఒక్క మధ్యాహ్నంలో నేర్పింది.

అప్పుడిక్కడ మా పాత ఇల్లు ఉండేది. చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీద బస్సు దిగి రెండు సందులు తిరిగితే వచ్చేది. ముందు భాగంలో మేము, వెనక రెండు గదుల్లో కిరాయికి కామేశ్వరిగారు, వాళ్లాయన. కాకినాడ దగ్గరి వాళ్లు, ఆయన ఉద్యోగం కోసం ఎప్పుడో వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాకూ వాళ్లకూ మధ్య ఒక వాకిలి, ఆ వాకిట్లో డాబా కంటే ఎత్తు పెరిగిన కరివేపాకు చెట్టు. మా ఇళ్లల్లో కల్యమాకు అంటాం. ఆ చెట్టు మా బాపమ్మది, అంటే నేను బాపు అని పిలిచే మా నాన్న తల్లిది. పొద్దున గుడికి పోయి వచ్చి, చాయ్ తాగి, చెట్టు మొదట్లో పీట వేసుకుని కూర్చునేది. సందులో ఎవరింట్లో పోపు పెట్టాలన్నా ఆమె దగ్గరికి రావలసిందే. ఎవరినీ చెట్టు ముట్టనిచ్చేది కాదు. తనే లేచి, రెబ్బను కొమ్మ దగ్గర వంచి, టక్కున తుంచి, ఒకసారి దులిపి చేతిలో పెట్టేది. దీపం పెట్టాక తుంచేది కాదు. ఎవరికెన్ని రెబ్బలు కావాలో అడిగేది కాదు, ఎవరింట్లో ఎందరున్నారో ఆమెకు తెలుసు. ఆ వాసన ఆమె వేళ్లకు, కొంగుకు పట్టేసి ఉండేది. నా జడ ఆమె అల్లిన రోజు బస్సులో పక్కన కూర్చున్న వాళ్లు ఎక్కడో పోపు వేస్తున్నారని అటూ ఇటూ చూసేవారు.

నేను డాక్టరీ చదవాలని బాపు ఆశ. ఆయన కోర్టులో గుమస్తా. ర్యాంకు చాలక తోటల చదువులో చేరాను. "చెట్లకు నీళ్లు పోయనీకె కాలేజెందుకు?" అని కోర్టులో ఎవరో అన్నారట, అది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఇంట్లో నేను కొంచెం ఎక్కువే మాట్లాడేదాన్ని. రెండు బస్సులు మారి ఊరి బయటి కాలేజీకి పోయి వచ్చి, వాకిట్లో ప్రతి మొక్కకూ దాని శాస్త్రీయ నామం చెప్పేదాన్ని. బాపమ్మ నవ్వేది. "ఇంగ్లీషు పేరు పెడితే ఆకు ఎక్కువ కాస్తదా బిడ్డా?" అనేది. రెండో ఏడు చదువుతుండగా ఆ చెట్టుకే పురుగు పట్టింది. పై కొమ్మల చిగుళ్లు ముడుచుకుపోయి, ఆకుల మీద జిగురు, కొమ్మ పొడుగునా చీమలు. కింది కొమ్మలు మాత్రం బాగానే ఉన్నాయి. బాపమ్మ రోజూ తల పైకెత్తి చూసి నిట్టూర్చేది. ఒకరోజు నన్ను పిలిచి, వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. "నీ సదువు దీనికేమన్న పనికొస్తదా?"

ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాను. ఆ వారం ప్రాక్టికల్స్‌లో కాలేజీ తోటలో మందు కొట్టాం. అందరూ చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, డబ్బాలో మిగిలిన, నీళ్లు కలపని అసలు మందును ఖాళీ దగ్గు మందు సీసాలోకి వంపుకున్నాను. దొంగతనమే, ఇంకో పేరు లేదు. మర్నాడు తెల్లవారుతుండగా బాపమ్మ గుడికి పోయింది. అమ్మ ఆ వారం ముషీరాబాద్‌లో వాళ్లక్క దగ్గరుంది. దోమల మందు కొట్టే చేతిపంపు తీసి, అందులో నీళ్లు పోసి, సీసా మూతతో రెండు మూతలు వేశాను. ఎన్ని నీళ్లకు ఎంత మందు అన్నది లెక్క కట్టలేదు. ఎక్కువైతే పురుగు తొందరగా చస్తుందనుకున్నాను. డాబా ఎక్కి పై కొమ్మలకు, కింద నిలబడి మిగతా కొమ్మలకు చెట్టంతా తడిసేలా కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే సీసా ఎక్కడిదని అడుగుతారు. పైగా వంటలో వేసేముందు ఆకు ఎలాగూ కడుగుతారు కదా అనుకున్నాను. వారం తర్వాత చిగుళ్లు విప్పుకుంటే అప్పుడు చెబుదామని, అప్పుడు బాపు ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ బస్సెక్కాను.

మధ్యాహ్నం ముందటి క్లాసు సస్యరక్షణ. ఆ సారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు. బోర్డు మీద రాసుకుంటూ, నిన్న మనం కొట్టిన మందు ఏ రకమని అడిగి, ఎవరూ చెప్పకపోతే తనే చెప్పారు. "ఇది ఆకు మీద నిలిచే మందు కాదు. ఆకు లోపలికి ఇంకుతుంది. మొక్క రసంలో కలుస్తుంది. రసం పీల్చే పురుగు అందుకే చస్తుంది. కడిగితే పోదు. ఈ మందు కొట్టిన ఆకుకూరను కనీసం రెండు వారాలు ఎవరూ తినకూడదు." లేచి అడిగాను. "తింటే ఏమైతది సార్?" ఆయన తిరిగి చూశారు. ఒంటికి చెమటలు పడతాయి, నోట్లో నీరూరుతుంది, కడుపులో మెలిపెడుతుంది, కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది, ఎక్కువైతే ఊపిరి ఆడదు అని వరసగా చెప్పారు, పరీక్షకు రాసుకోమన్నట్టు. చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నేను సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. సారు పేరు పెట్టి పిలవడం వినిపించింది. ఆగలేదు.

ఆ రెండు బస్సుల ప్రయాణం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. ముందు సీట్లో ఒకామె సంచిలో కూరగాయల మీంచి కరివేపాకు బయటికి వేలాడుతోంది. దాన్ని చూస్తూ, బాపమ్మ పీట వేసుకుని కూర్చునే వేళను, ఒక్కొక్కరు వచ్చే వేళను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. దిగి సందుల్లో పరుగెత్తాను. మా వాకిట్లో బాపమ్మ పీట మీదే ఉంది. ముందు ఆమె కళ్లలోకి చూశాను. శుక్లాలు వచ్చిన కళ్లు, కంటిపాప ఎంతుందో తెలియలేదు.

"ఏందే, గింత జల్ది ఒచ్చినవ్?"

"బాపమ్మా, ఇయ్యాల కల్యమాకు ఎవలెవలకు ఇచ్చినవ్?"

"ఎందుకే?"

"చెప్పు! నేను చెట్టుకు మందు కొట్టిన. పొద్దుగాల. అది తింటే మనుషులు సస్తరు."

ఆమె ముఖంలో ఏదో కదిలి ఆగింది. తిట్టలేదు. వేళ్లు మడవడం మొదలుపెట్టింది. సందులో వాళ్లు ఆ రోజు ఎవరూ రాలేదు, ఎదురింటి వాళ్లది పెళ్లి ప్రయాణం, అందరూ దానికే పోయారు. నారాయణగూడలో టిఫిన్ మెస్ నడిపే యాదగిరి వచ్చి నాలుగు పెద్ద కొమ్మలు తీసుకుపోయాడు, సాయంత్రం చట్నీకి. కామేశ్వరిగారు ఒడి నిండా కోయించుకుని, వేయించి పొడి కొట్టి, పదకొండు గంటలకే అశోక్‌నగర్ తీసుకుపోయింది. అక్కడ ఆమె కూతురు శారద అత్తగారిల్లు. శారదకు మూడు నెలల పాప. పుట్టింట్లో పురుడు పోసుకుని వెళ్లి పది రోజులు కాలేదు. పాలిచ్చే తల్లికి మంచిదని కామేశ్వరిగారు రెండు రోజులకోసారి కరివేపాకు పొడి చేసి ఇచ్చి వచ్చేది.

"నువ్వు తిన్నవా?" అని అడిగాను.

"నేనెక్కడ తిన్న. మజ్జిగల రెండాకులు ఏసుకున్న, అవి గూడ తీసి పారేసిన." అంటూనే లేచి, కొంగు నడుముకు దోపింది. "నువ్వు అశోక్‌నగర్ ఉరుకు. పాలుతాగే పిల్ల ఉన్నది. నేను నారాయణగూడ పోత."

"నీకు మోకాళ్లు..."

"రిక్షా దొరుకుతది. ఉరుకవే!"

గుడి దాటి ఒంటరిగా ఎక్కడికీ పోని మనిషి ఆమె. వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాను. అశోక్‌నగర్ దూరమేమీ కాదు, మామూలుగా నడిచిపోయేదాన్ని. ఆ రోజు ఎంతకీ రాలేదు. శారద వాళ్లింటి మెట్లు ఎక్కేసరికి లోపల నేతి వాసన, వేయించిన మిరపకాయ వాసన. శారద పీట మీద కూర్చుని ఉంది, కంచంలో సగం అన్నం, పక్కన ఆకుపచ్చని పొడి. పాప ఒళ్లో పడుకుని పాలు తాగుతోంది. కామేశ్వరిగారు విసనకర్రతో విసురుతూ నన్ను చూసి, "రా సుజాతా, ఏవిటమ్మా అలా ఆయాసపడుతున్నావు?" అంది. నేను పోయి కంచం లాగేశాను. అన్నం నేల మీద పడింది. తల్లీకూతుళ్లిద్దరూ నిర్ఘాంతపోయి చూస్తుంటే నోటికొచ్చినట్టు చెప్పాను. చెప్తూ పాప కళ్లలోకి చూడబోతే, కామేశ్వరిగారు చప్పున పాపను లాక్కుని గుండెకు అదుముకుంది. నా చేతుల్లో ఇంకా మందుందేమో అన్నట్టు.

వీధి చివర ఒక డాక్టరు ఉండేవారు, పెద్దాయన. ఆయన భోజనానికి లేవబోతూ మమ్మల్ని చూసి ఆగారు. "ఏ మందమ్మా?" అన్నారు. ప్రాక్టికల్ రికార్డు తీసి పేరు చూపించాను. "ఎంత కలిపావు?" అన్నారు. ఒక క్షణం అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. తక్కువ చెబితే నేను చేసింది తక్కువ అవుతుందనిపించింది. కామేశ్వరిగారు నా ముఖంలోకే చూస్తోంది. "కొలవలేదు సార్. రెండు మూతలు. చాలా ఎక్కువ" అన్నాను. ఆయన శారద కళ్లలో లైటు వేసి చూశారు, నాడి పట్టుకున్నారు, పాప ఛాతీ మీద చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు. "ఇప్పటికైతే ఏం లేదు. అలా అని ఇంటికి పొమ్మనను. చీకటి పడేదాకా ఇక్కడే బెంచీ మీద కూర్చోండి. చెమట పట్టినా, వాంతి అనిపించినా పెద్ద దవాఖానకు పోదాం. పాపకు తల్లిపాలు పట్టొద్దు."

అక్కడ గడిపిన ఆ నాలుగు గంటలను నేను ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. కాసేపటికి పాపకు ఆకలైంది. సీసా పాలు పడితే నోరు తిప్పేసుకుంది. తల్లి పక్కనే ఉంది, వాసన తెలుస్తోంది, పాలు లేవు. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపుకు శారద రవిక ముందు భాగమంతా తడిసిపోయింది. ఆమె కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడుపు ఆగినప్పుడు ఇంకా భయమేసేది, నిద్రపోయిందా, ఊపిరి ఆగిందా అని. నేను వంగి చూడబోతే కామేశ్వరిగారు పాపను అటు తిప్పుకునేది. ఫ్యాను గాలికి శారద నుదుటి మీద చెమట ఆరిందా, కొత్తగా పట్టిందా అని చూస్తూ, నాకు తెలిసిన దేవుళ్లందరికీ ఈ చదువు వదిలేస్తానని మొక్కుకున్నాను. వీధి దీపాలు వెలిగాక డాక్టరు మళ్లీ చూసి, "గండం గడిచినట్టే. రేపటిదాకా సీసా పాలే పట్టండి" అన్నారు. పాప అప్పటికి అలసిపోయి సీసా పీలుస్తోంది. మెట్లు దిగుతూ కామేశ్వరిగారు మొదటిసారి నాతో మాట్లాడింది. "చదువుకుంటున్న పిల్లవి కదమ్మా" అంది. అంతే.

ఇంటికి వచ్చేసరికి బాపమ్మ మంచం మీద పడుకుని ఉంది, కాళ్లు నొప్పులంది. చట్నీ పారబోయించానని మాత్రం చెప్పింది. బాపు కోర్టు నుంచి వచ్చి అంతా విన్నారు. చొక్కా కూడా విప్పలేదు. "రేపటిసంది కాలేజీ బంద్" అన్నారు. నాకు ఎదురు చెప్పాలనిపించలేదు, నేను కోరుకున్నదీ అదే. బాపమ్మ పడుకునే అంది. "బంద్ చేస్తే ఏమైతది రా? సగం నేర్చి ఇంట్ల కూసుంటది. సగం నేర్చినందుకే గదా ఇయ్యాల గిదంత అయింది." బాపు చాలాసేపు వాకిట్లో తిరిగి, చివరికి నా వైపు చూడకుండా, "మీ సారుకు చెప్పు, నువ్వే చెప్పు" అన్నారు. మర్నాడు చెప్పాను, మందు దొంగిలించిన సంగతితో సహా. ఆయన కోప్పడలేదు. క్లాసులో బోర్డు ముందు నిలబెట్టి, జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పమన్నారు. బోర్డు అంచు పట్టుకుని చెప్పాను. ఎవరూ నవ్వలేదు, ఎవరూ రాసుకోలేదు కూడా.

నెల రోజుల తర్వాత నారాయణగూడలో యాదగిరి కనిపించాడు. "మీ బాపమ్మ మంచిగున్నదా అక్కా?" అని అడిగాడు. "ఆ రోజు మస్తు భయమైంది నాకు. యాభై మంది తినే చట్నీ పారబొయ్యమంటే నేను నమ్మలే. గడపల కూసున్నది. 'నన్ను దాటి ఎట్ల పెడ్తవో పెట్టు' అన్నది. అప్పటికే మొకమంత చెమటలు. మోరి కాడ రెండుసార్లు కక్కుకున్నది. ఎండకు అనుకున్న. నీళ్లిస్తే తాగలే, ముందు చట్నీ పారబొయ్యి అన్నది." ఇంటికి పోయి అడిగితే ముందు ఎండే అంది. వదలకుండా అడిగాను.

"తొక్కు నూరుకున్న ఆ పూట" అంది చివరికి. "మీయమ్మ లేదు గదా, ఏం వండుకుంటనని కల్యమాకు తొక్కు నూరుకొని తిన్న. నువ్వొచ్చేసరికే కడుపుల తిప్పుతున్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు అశోక్‌నగర్ పోతుంటివా? నా కాడ్నే కూసుందువు. నాదేముందే, అక్కడ పసిపిల్ల."

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. అయినా ఆమెకు కొంచెం ఆయాసం వచ్చినా, అన్నం సయించకపోయినా, నాకు ఆ మందు కొట్టిన చేతిపంపు గుర్తొచ్చేది. పోయిన రోజు కూడా డాక్టరు గుండె అన్నారు, నేను మాత్రం ఇంకేదో అడగబోయి ఊరుకున్నాను. ఉద్యోగంలో ఎన్నో తోటలు తిరిగాను. కోతకు ముందురోజు దాకా మందు కొట్టే రైతులను చూశాను, అరిచాను, బతిమాలాను. "ఎవరు తింటరో మనకేం ఎరుక మేడం?" అన్నవాళ్లున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆ ఆకు లారీ ఎక్కి, మార్కెట్టు దాటి, ఏ ఊళ్లో ఎవరి పోపులో పడుతుందో వాళ్లకు నిజంగానే తెలియదు. మా బాపమ్మకు తెలుసు, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పగలిగింది. అందుకే ఇద్దరం రెండు దిక్కులా పరుగెత్తగలిగాం. ఇప్పుడు కూరగాయలతో పాటు ఊరికే ఇచ్చే కరివేపాకు కట్ట నా సంచిలో కూడా పడుతుంది. దాని వెనక పరుగెత్తుకుంటూ వచ్చే మనిషెవరూ ఉండరు.

ఆ చెట్టును కొట్టేయమని బాపు అన్నారు, బాపమ్మ ఒప్పుకోలేదు. వానలు పడ్డాయి, కొత్త చిగుళ్లు వేసింది, పురుగు లేదు. రెండు వారాలు కాదు, నాలుగు నెలలైనా సందులో ఎవరూ రెబ్బ అడగలేదు. బాపమ్మ మాత్రం రోజూ పీట వేసుకుని కూర్చునేది, ఖాళీ చేతులతో. ఒక ఆదివారం పొద్దున శారద పాపను చంకనేసుకుని పుట్టింటికి వచ్చింది. వెనక గదుల్లోకి పోతున్నదల్లా చెట్టు దగ్గర ఆగింది. "మామ్మగారూ, నాలుగు రెబ్బలిస్తారా? అమ్మ పులిహోర కలుపుతోంది" అంది. కామేశ్వరిగారు తలుపులోకి వచ్చి నిలబడింది. బాపమ్మ లేవలేదు. నా వైపు చూసి, "నువ్వే తెంపియ్యి" అంది. ఒక రెబ్బ తుంచి, అందులోంచి ఒక ఆకు నా నోట్లో వేసుకుని నమిలాను. ఒక ఆకు నమిలితే ఏమీ తెలియదని నాకు బాగా తెలుసు. అయినా పూర్తిగా నమిలి మింగాను. శారద నవ్వలేదు, తొందరపెట్టలేదు, పాపను ఇంకో చంకలోకి మార్చుకుని నేను మింగేదాకా ఆగింది. ఆ తర్వాత చేయి చాచింది.